పర్లాకిమిడి పిల్లకు స్పానిష్ ఎందుకు?

రాజనీతిశాస్త్రం, స్పానిష్ రెండూ కలిపి చదివానని చెబితే ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడి పెద్దలు మొదటి మాటకు తలూపుతారు, రెండవ మాటకు నొసలు చిట్లిస్తారు. రాజనీతి అంటే సివిల్స్‌కు పనికొస్తుంది, అది కాకపోతే లెక్చరర్ ఉద్యోగానికైనా పనికొస్తుందన్న లెక్క వారికి ఉంది. స్పానిష్‌కు అటువంటి లెక్కేదీ వారి దగ్గర లేదు. "ఏటమ్మా, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూను. మీదట హిందీ, ఇంగ్లీషు. ఇన్ని చాలవని ఇంకోటా?" అని మా పెదనాన్న అడిగారు. ఆయన ఎగతాళికి అడగలేదు. ఉద్యోగమంతా రెవెన్యూ శాఖలో చేసి, అర్జీ ఏ భాషలో రాస్తే ఏ బల్ల దగ్గర ఆగిపోతుందో కళ్ళారా చూసిన మనిషి ఆయన. అప్పట్లో నోటిమాటగా ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, ఆ ప్రశ్నకు తగిన జవాబు ఇక్కడ కాస్త తీరికగా రాస్తున్నాను.

ముందు చదువు ఏర్పాటు గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం దాని గురించే. బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు రాజనీతి, స్పానిష్ కలిపి ఒకే పట్టాగా ఇస్తాయి. అది సాధారణంగా నాలుగేళ్ళ చదువు, అందులో మూడవ ఏడాది స్పానిష్ మాట్లాడే దేశంలో గడపాలి. మనకు అందుబాటులో ఉన్న దారి వేరు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదవడానికి అనుమతిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. రెండూ తరగతికి వెళ్ళి చదివేవైతే వేళలు ఒకదానితో ఒకటి తగలకూడదు. లేదా ఒకటి తరగతిలో, రెండవది దూరవిద్యలో చదవవచ్చు. నేను రెండవ పద్ధతి ఎంచుకున్నాను. హైదరాబాదులో స్పానిష్ బీఏ, దూరవిద్యలో రాజనీతిశాస్త్రం. భాష గాని, రాజనీతి గాని కొంచెం కొంచెంగా నేర్చుకుని చూద్దామనుకునేవారికి దూరవిద్యలో సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉన్నాయి. రెండు డిగ్రీలూ నెగ్గుకు రావడానికి నాకు దొరికిన ఉపాయం ఒక్కటే. రాజనీతిని ఒక వారం పక్కన పెట్టినా మళ్ళీ అందుకోవచ్చు, స్పానిష్‌ను మూడు రోజులు వదిలితే క్రియారూపాలు చేజారిపోతాయి. అందుకని రాజనీతిలో చదవవలసిన దేశాల గురించి వీలైనంతవరకు స్పానిష్‌లోనే చదివేదాన్ని. అలా ఒక గంట చదువు రెండు ఖాతాల్లోనూ జమయ్యేది.

నాలుగు భాషల మధ్య పెరిగినవారికి ఐదవది మంచినీళ్ళ ప్రాయమని అందరూ అంటారు. ఆ మాటను నేను సగమే నమ్ముతాను. ఉచ్చారణలో మనకు మేలే జరుగుతుంది. స్పానిష్‌లో అచ్చులు ఐదే, ఏ మాటలోనైనా అవి దాదాపు ఒకేలా పలుకుతాయి. "నేను" అనే మాట లేకుండా "వచ్చాను" అని మనం ఎలా అంటామో, వారూ అలాగే క్రియ చివరనే కర్తను చెప్పేస్తారు. "నాకు నచ్చింది" అనే మన వాక్య నిర్మాణం వారికీ ఉంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునే స్నేహితులు దీని దగ్గర నెలల తరబడి తడబడుతుంటే నేను హాయిగా దాటిపోయాను. ఆ సుఖం అంతటితో సరి. బల్లకూ కుర్చీకీ లింగభేదం ఎందుకో నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. జరగని పనిని, జరగాలని కోరుకునే పనిని, జరుగుతుందో లేదో తెలియని పనిని చెప్పడానికి వారికి ప్రత్యేకంగా ఒక క్రియారూపాల వరుస ఉంది. రాజకీయ ఉపన్యాసాలు, తీర్మానాలు, రాజ్యాంగ పీఠికలు అన్నీ ఆ రూపాలతోనే నిండి ఉంటాయి. వాటిని చదవడానికి బజారులో నేర్చిన భాషాచాతుర్యం పనికిరాదు, కూర్చుని వ్యాకరణం చదవవలసిందే.

ఇక అసలు సంగతికి వస్తాను. పర్లాకిమిడిలో పుట్టినవారికి రాజనీతిలో మొదటి పాఠం బడికి వెళ్ళకముందే అందుతుంది. మా ఊరు 1936కు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఒక్కచోటికి తేవాలని మా మహారాజు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించారు. తరువాత ఓడొన్నెల్ కమిటీ సరిహద్దులు పరిశీలించింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు ఒడిశాలోకి పోయింది, మహేంద్రతనయ నది దాటితే వచ్చే పాతపట్నం మద్రాసు వైపే మిగిలింది. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉండి వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ తరువాత రాజమహేంద్రవరానికి వెళ్ళిపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో మిగతా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కూడా చాలావరకు భాష ప్రాతిపదికనే జరిగాయి. కనుక ఒక భాషకు ఒక రాష్ట్రం ఉండడం ప్రకృతి సహజమనీ, మా వంటివారు ఆ లెక్కలో మిగిలిపోయిన శేషమనీ అనుకుంటూ పెరిగాను. మా ఇంట్లో ఇది విచారంగానూ చెప్పుకునేవారు కాదు, కోపంగానూ చెప్పుకునేవారు కాదు. వర్షాలు ఆలస్యమయ్యాయని చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు.

ఈ లెక్క నా మనసులో మొదటిసారి తప్పింది స్పానిష్ తరగతిలోనే. దక్షిణ అమెరికాలో స్పెయిన్ పాలన మీద పోరాడిన సిమోన్ బొలీవర్ 1815లో జమైకాలో ప్రవాసంలో ఉండి రాసిన ఉత్తరంలోని ఒక భాగాన్ని మా అధ్యాపకురాలు చదవమన్నారు. అందులో ఒక పొడవైన వాక్యం ఉంది. కొత్త ప్రపంచమంతటికీ మూలం ఒకటే, భాష ఒకటే, ఆచారాలు ఒకటే, మతం ఒకటే కనుక, ఏర్పడబోయే రాజ్యాలన్నిటినీ కలిపే ఒకే ప్రభుత్వం ఉండవలసింది అని వాక్యం మొదలవుతుంది. చదువుతుంటే మన భాషాప్రయుక్త రాష్ట్రాల వాదమే వింటున్నట్టు అనిపిస్తుంది. ఒక అర్ధవిరామం దాటగానే, కానీ అది సాధ్యం కాదు అంటాడు బొలీవర్. దూరదూరపు వాతావరణాలు, వేర్వేరు పరిస్థితులు, పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలు, పోలిక లేని స్వభావాలు అమెరికాను విడదీస్తున్నాయని కారణాలు చెబుతాడు. ఆ ఒక్క వాక్యం మీద మా తరగతి గంటసేపు నడిచింది. "ఉండవలసింది" అన్న క్రియలో బొలీవర్ ఆశ ఎంత ఉంది, నిరాశ ఎంత ఉంది అన్నది మా వాదన.

తరువాత జరిగిన చరిత్ర ఆ వాక్యం రెండవ సగానికే సాక్ష్యం చెప్పింది. బొలీవర్ స్వయంగా నిలబెట్టిన మహా కొలంబియా 1819 నుంచి 1831 వరకు మాత్రమే బతికి కొలంబియా, వెనిజులా, ఈక్వెడార్‌లుగా విడిపోయింది. మధ్య అమెరికా సమాఖ్య కూడా ఐదు దేశాలుగా చీలింది. ఈనాడు లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడే దేశాలు 18. వాటి సరిహద్దులను గీసింది భాష కాదు. స్పెయిన్ పాలనలో ఒక్కొక్క పరిపాలనా విభాగానికి ఉన్న గీతలనే, స్వాతంత్ర్యం వచ్చాక కొత్త దేశాలు తమ సరిహద్దులుగా తీసుకున్నాయి. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో దీన్ని ఉతి పొస్సిదేతిస్ అనే లాటిన్ పేరుతో పిలుస్తారు. నా రాజనీతి పాఠ్యపుస్తకం ఈ సూత్రాన్ని ఒక్క పేరాలో ముగించింది. స్పానిష్ పాఠ్యపుస్తకం బొలీవర్‌ను విగ్రహంగా నిలబెట్టి వదిలేసింది. వలసపాలకుల కచేరీ గీతను చెరిపేసి భాష గీత గీసుకోవడానికి మనం దశాబ్దాలు ఉద్యమాలు చేస్తే, అక్కడివారు ఒకే భాష చేతిలో ఉండి కూడా ఆ కచేరీ గీతనే ఉంచుకున్నారన్న పోలిక రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పెట్టుకుంటే తప్ప నాకు తట్టేది కాదు.

ఒకే భాషలో రెండు జ్ఞాపకాలు ఎలా ఉంటాయో బొలీవియా, చిలీ నేర్పాయి. 1879లో మొదలై 1884 వరకు సాగిన పసిఫిక్ యుద్ధంలో బొలీవియా తన సముద్రతీరాన్ని చిలీకి కోల్పోయింది. 1904 ఒడంబడిక ఆ నష్టాన్ని ఖాయం చేసింది. అయినా బొలీవియా ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటుంది. తీరం లేని ఆ దేశానికి నౌకాదళం కూడా ఉంది. టిటికాకా సరస్సులో దాని పడవలు తిరుగుతాయి. సముద్రమార్గం గురించి చిలీ చర్చలకు రావాలని బొలీవియా 2013లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. చిలీకి అటువంటి బాధ్యత లేదని 2018 అక్టోబరు 1న 12 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు నిలిచి తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు మరునాటి బొలీవియాలోని లా పాస్ పత్రికలనూ చిలీలోని శాంతియాగో పత్రికలనూ పక్కపక్కన పెట్టి చదవమని మాకు అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒకే భాష, ఒకే తీర్పు. ఒక వైపు శీర్షికలో న్యాయం గెలిచింది, మరొక వైపు శీర్షికలో న్యాయం ఇంకా మిగిలి ఉంది.

ఆ పని నాకు కొత్తగా అనిపించలేదు. కొటియా గ్రామాల గురించి ఒడియా పత్రికలోనూ తెలుగు పత్రికలోనూ వచ్చే వార్తలను మా ఇంట్లో ఎప్పటినుంచో అలాగే చదువుతాము. ఇటు కొరాపుట్ జిల్లా పొట్టంగి, అటు సాలూరు మధ్య కొండల్లో ఉన్న ఆ గ్రామాల గురించి ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021లో ఆంధ్రప్రదేశ్ వాటిలో కొన్నింటిలో పంచాయతీ ఎన్నికలు జరిపితే, ఒడిశా ప్రభుత్వం కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. అక్కడి గిరిజనులలో చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. పసిఫిక్ తీరపు వివాదం కంటే ఇది చిన్నదని ఎవరైనా అంటే ఒప్పుకోను. రెండు ప్రభుత్వాలు పోటీపడి రోడ్లు, పింఛన్లు ఇస్తున్నప్పుడు పౌరుడు ఎవరి పక్షాన ఉండాలన్నది ఏ పాఠ్యపుస్తకానికైనా పెద్ద ప్రశ్నే.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది మాత్రం స్పెయిన్‌లోని ఒక సన్నని సరిహద్దు ప్రాంతం. కాటలోనియా సంగతి లోకానికి తెలుసు. స్పెయిన్ నుంచి విడిపోవడం గురించి 2017 అక్టోబరు 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ, పోలీసుల లాఠీలు, నాయకుల అరెస్టులు మన టీవీల్లోనూ వచ్చాయి. రెండవ ఏడాదిలో నేనూ దాని మీదే వ్యాసం రాద్దామని కూర్చున్నాను. స్పెయిన్ పటం ముందేసుకుని కాటలాన్ భాష ఎక్కడెక్కడ ఉందో చూస్తుంటే, కాటలోనియా పడమటి గీత దాటిన తరువాత కూడా, ఆరగాన్ రాష్ట్రంలోకి చొచ్చుకుపోయిన ఒక పట్టీ కనిపించింది. దాన్ని లా ఫ్రాంఖా అంటారు, పట్టీ అనే అర్థం. ఫ్రాగా అక్కడి పెద్ద పట్టణం. ఇళ్ళలో కాటలాన్, ప్రభుత్వ కచేరీలో స్పానిష్, తమ భాష అధికార భాషగా ఉన్న రాష్ట్రం కూతవేటు దూరంలో. ఆ పటం మీద వేలు పెట్టి ఆగిపోయాను. పాతపట్నం వంతెన గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

1978 స్పెయిన్ రాజ్యాంగం మూడవ అధికరణం ప్రకారం స్పానిష్ దేశమంతటికీ అధికార భాష. దానిని తెలుసుకోవడం పౌరుల విధి కూడాను. మిగతా భాషలు ఆయా స్వయంపాలిత ప్రాంతాల శాసనాలు చెప్పిన చోట అధికార భాషలు అవుతాయి. అంటే ఒక భాషకు ఉండే హక్కు మనిషి వెంట నడవదు, నేల వెంట నడుస్తుంది. కాటలోనియాలో అధికార భాష అయిన కాటలాన్‌కు ఆరగాన్‌లో ఆ హోదా లేదు. 1984లో ఆ పట్టీ ఊళ్ళ మేయర్లు మెకినెన్సాలో కూడి, తమ భాషను బడిలో బోధించాలని ఒక ప్రకటన చేశారు. అప్పటినుంచి కాటలాన్ అక్కడి బడుల్లో ఐచ్ఛిక పాఠంగా నడుస్తోంది. 2009లో ఆరగాన్ చట్టసభ ఒక భాషా చట్టం చేసింది. ప్రభుత్వం మారాక 2013లో చట్టం తిరగరాసినప్పుడు ఆ భాషకు కాటలాన్ అన్న పేరే లేకుండా చేశారు. తూర్పు ప్రాంతపు ఆరగాన్ భాష అని చుట్టుతిరుగుడుగా చెప్పారు. ఆ పొడవైన పేరులోని మొదటి అక్షరాలు కూర్చి లపావ్ అని జనం ఎకసెక్కాలాడారు. పక్కరాష్ట్రం భాష మన రాష్ట్రంలో ఉందని ఒప్పుకుంటే, రేపు ఆ రాష్ట్రం మన నేలను కూడా అడుగుతుందేమోనన్న భయం ఆ చట్టం వెనుక ఉందని నా అభిప్రాయం. సభలో జరిగిన చర్చల నకళ్ళు అంతర్జాలంలో స్పానిష్‌లో దొరుకుతాయి. నేను చదివిన ఇంగ్లీషు వ్యాసాలలో ఈ వ్యవహారం బార్సిలోనా కథకు అడుగున ఒక వాక్యంగా మాత్రమే కనిపించింది. స్పానిష్ రాకపోతే ఆ వాక్యంతోనే సరిపెట్టుకునేదాన్ని.

పెదనాన్నకు నా జవాబు దాదాపు ఇదే. రాజనీతి ఒక్కటే చదివి ఉంటే లాటిన్ అమెరికాను ఇంగ్లీషు సారాంశాల్లో చదివి మార్కులు తెచ్చుకునేదాన్ని. స్పానిష్ ఒక్కటే చదివి ఉంటే, చక్కగా మాట్లాడడం వచ్చేది కానీ ఏం మాట్లాడాలో ఎవరో ఒకరు నాకు రాసి ఇవ్వవలసి వచ్చేది.

అయితే ఈ పోలికల సుఖం మరీ ఎక్కువైనప్పుడు దానికి విరుగుడు కూడా ఆ చదువే ఇచ్చింది. 2009 బొలీవియా రాజ్యాంగం స్పానిష్‌తోపాటు 36 ఆదివాసీ భాషలను అధికార భాషలుగా లెక్కించింది. పరాగ్వేలో 1992 రాజ్యాంగం గ్వారానీకి స్పానిష్‌తో సమాన హోదా ఇచ్చింది. పెరూలో 1975లోనే కెచువాకు అధికార హోదా ఇచ్చారు. కాగితం మీది హోదా కచేరీ కిటికీ దాకా వస్తుందా అన్నది వేరే ప్రశ్న, రాలేదని చెప్పేవారు ఆ దేశాల్లోనే చాలామంది ఉన్నారు. కానీ ఇవి చదివాక మా గజపతి జిల్లా కొండల్లోని సవరల భాష గురించి ఆలోచించకుండా ఉండలేము. గిడుగువారు ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. ఒడిశా ఏర్పడిన ఆ 1936లోనే మంగెయ్ గొమాంగో సవర భాషకు సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. ఒక రాష్ట్రం గీత, ఒక భాష రాత ఒకే ఏడాదిలో పుట్టాయి. ఈనాటికీ సవర భాష మన రాజ్యాంగం భాషలను గుర్తించే ఎనిమిదవ షెడ్యూలులో లేదు. సరిహద్దులో మనకు అన్యాయం జరిగిందని తెలుగువారు సభల్లో మాట్లాడేటప్పుడు ఈ మాట ఎవరి నోటా వినలేదు. ఒడియావారు, తెలుగువారు ఊరు ఎవరిదని వాదించుకున్న చోట, కొండ ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఉద్యోగాల మాట దాటవేస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు కనుక క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదులో స్పానిష్ వచ్చినవారికి కంపెనీల్లో కస్టమర్ సపోర్టు, అనువాదం వంటి పనులు దొరుకుతాయి. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికంటే జీతం కాస్త మెరుగ్గానే ఉంటుంది. ఆ పనుల్లో రాజనీతి ఎవరికీ అక్కరలేదు. రెండూ కలిసి పనికొచ్చేది పరిశోధన, పాత్రికేయం, విదేశాంగ సేవ వంటి చోట్ల. ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరినవారికి కేటాయించే విదేశీ భాషల్లో స్పానిష్ ఒకటి. బయట చూపించడానికి డెలే అనే స్పానిష్ పరీక్ష ధ్రువపత్రం మంచిది, దానికి కాలపరిమితి లేదు. సీయెలే అనే మరో పరీక్ష ధ్రువపత్రం ఐదేళ్ళే చెల్లుతుంది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం కావలసిన ఇంటి పరిస్థితి ఉన్నవారిని ఈ దారిలోకి రమ్మని నేను పిలవను. భారతీయులలో ఈ రెండూ కలిసినవారు కొత్త కాదని మాత్రం చెబుతాను. విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ 1917లో మెక్సికో చేరి, స్పానిష్ నేర్చి, ఆ భాషలో రాసి, అక్కడ కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో చేయివేసి, 1920లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ కమ్యూనిస్టు మహాసభకు మెక్సికో ప్రతినిధిగా వెళ్ళాడు. ఇది చెబితే పెదనాన్న నవ్వి, "ఆయనకి సరకారీ కొలువు వచ్చిందా?" అన్నారు.

ఎంఏలో నా పరిశోధన అంశం లా ఫ్రాంఖాలోనూ మా గజపతి జిల్లాలోనూ భాషా బోధన. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం పెట్టింది. బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని వేరే మాతృభాష పిల్లలు ఉంటే ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం కూడా ఆ దిశగానే ఉంది. మా అమ్మ తెలుగు మాధ్యమంలో చదివింది. నా వంతు వచ్చేసరికి అమ్మానాన్నలు ఒడియా, ఇంగ్లీషు బడులనే ఎంచుకున్నారు. ఆ పదిమంది తరగతిలో లేకపోవడానికి ప్రభుత్వం ఎంత కారణమో, మన ఇళ్ళూ అంతే కారణమని నా అనుమానం. ఆరగాన్ పద్ధతిలో ఐచ్ఛిక పాఠంగా పెడితే చాలని మా గైడ్ అంటారు, సరిహద్దు కదపనక్కరలేదు, ఎవరికీ భయం ఉండదని ఆయన వాదన. నాకు అది చాలదనిపిస్తుంది. వారానికి కొన్ని గంటలు నేర్చుకున్న భాషలో అర్జీ రాసి ఇస్తే తహసీల్దారు కచేరీలో తీసుకోనప్పుడు, పిల్లవాడు తరువాతి ఏడాది ఆ పాఠాన్ని ఎందుకు ఎంచుకుంటాడు? ఫ్రాగా బడుల్లో కాటలాన్ ఎంచుకునే పిల్లలు ఏ తరగతి దాకా కొనసాగుతున్నారో, ఎక్కడ మానేస్తున్నారో ముందుగా చూడాలి. ఆ లెక్కల కోసం అక్కడి ఉపాధ్యాయుల సంఘాలకు స్పానిష్‌లో ఉత్తరాలు రాస్తున్నాను. ఒకరిద్దరు కాటలాన్‌లో జవాబిచ్చారు, వాటిని చదవడానికి ఇప్పుడు ఆ భాష కూడా మొదలుపెట్టవలసి వచ్చింది. ఈ సంగతి పెదనాన్నకు ఇంకా చెప్పలేదు.